పెద్ద నిర్మముడు

నిర్మములు చావరు. తెలుగునాట పదేళ్ళ పిల్లల్ని ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. 'ఏడో కక్ష్య' సీరియల్ మొదటి భాగంలో వాళ్ళను సూర్యుడిలోకి తోసేశారు. రెండో భాగంలో సముద్రంలో ముంచారు. నాలుగో భాగంలో ఏకంగా కాలాన్ని వెనక్కి తిప్పి అసలు వాళ్ళు పుట్టకుండానే చేశారు. అయినా ఐదో భాగం మొదటి ఎపిసోడ్ చివర్లో, పొగలోంచి ధన్ ధన్‌మని ఆ అడుగుల చప్పుడు వినిపించనే వినిపించింది. ప్రేక్షకులు వాళ్ళను వదలరు, ఛానెల్ వాళ్ళు అంతకన్నా వదలరు.

కథ ప్రకారం వాళ్ళూ ఒకప్పుడు మనలాంటి మనుషులే. వాళ్ళ గ్రహానికి ఏదో మహమ్మారి వచ్చి ఇంటికొకరు పోయారట. ఆ ఏడుపు భరించలేక ఒక్కో అవయవం తీయించి లోహం పెట్టించుకుంటూ పోయారు. కాలు, చెయ్యి, గుండె, ఆఖరికి తలలో బాధపడే చోటు. అది పోయాక ఇక వాళ్ళకు ఎవరూ అక్కర్లేకపోయారు. అప్పటినుంచీ పక్క గ్రహాల మీద పడి అందర్నీ తమలాగే మార్చేస్తామని తిరుగుతుంటారు. "బాధ లేదు, భయం లేదు, రండి" అన్నది వాళ్ళ డైలాగు. బళ్ళలో ఇంటర్వెల్ కొడితే చాలు, పిల్లలు చేతులు బిగదీసి అదే అంటూ ఒకరినొకరు తరుముకుంటారు.

సెట్టులో మాత్రం వాళ్ళను నిర్మములని ఎవరూ అనరు. డబ్బాలంటారు. "డబ్బాలు రెడీనా?" అని అసిస్టెంట్ డైరెక్టర్ కేకేస్తే, "రెండు డబ్బాలకు మూతలు పెట్టాలె, పది నిమిషాలు ఆగుర్రి!" అని సుగుణ అంతకంటే పెద్ద కేకేసేది. డబ్బాల విభాగానికి ఆమే పెద్ద. సిద్దిపేటలో జాకెట్లు కుట్టిన చేత్తోనే ఇక్కడ ఫైబరు, రబ్బరు, అల్యూమినియం రేకు కలిపి నిర్మములను తయారుచేసింది. ఒక్కో డబ్బా పద్దెనిమిది కిలోలు, తొడగడానికి నలభై నిమిషాలు. ఏ డబ్బాకి ఏ గీత ఎక్కడ పడింది, ఏ షాటులో ఏ భుజం మీద దుమ్ముంది, అన్నీ ఆమె నోటు పుస్తకంలో ఉండేవి. నిన్న తీసిన షాటుకీ ఇవాళ తీసే షాటుకీ వెంట్రుకవాసి తేడా రాకూడదు. దాన్నే కంటిన్యుటీ అంటారు. ఆ విషయంలో సుగుణను తప్పుపట్టినవాడు ఆ స్టూడియోలో లేడు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

పెద్ద నిర్మముడి డబ్బాలో ఉండేది ఆమె భర్త లింగమూర్తి. ఆరడుగుల ఒక అంగుళం మనిషి. తొమ్మిదేళ్ళుగా తెరమీదున్నా వీధి చివర కూరగాయలమ్మే ఆమె కూడా గుర్తుపట్టదు. మొహం కనపడదు, గొంతు వేరేవాడిది. తొమ్మిదేళ్ళు ఆ బరువు మోసేసరికి మోకాళ్ళు అరిగిపోయాయి. సాయంత్రం డబ్బా విప్పగానే నొప్పి మొదలయ్యేది, దాంతోపాటే కోపమూ మొదలయ్యేది. చాయ్ చల్లారితే రంకె, రిమోట్ కనబడకపోతే రంకె. కూతురు స్రవంతి లెక్క తప్పు చేస్తే పుస్తకం బాల్కనీలోంచి కిందికి ఎగిరేది. కాసేపటికి తనే కుంటుకుంటూ మెట్లు దిగి, ఆ పుస్తకం తెచ్చి, దుమ్ము దులిపి పిల్ల ముందు పెట్టి తల నిమిరేవాడు. కోపమైనా ప్రేమైనా ఆ ఇంట్లో పైకప్పు లేచిపోవాల్సిందే.

రెండో డబ్బాలో మస్తాన్. నరసరావుపేట వాడు. లింగమూర్తికి పదిహేనేళ్ళ దోస్తు, మధ్యాహ్నం ఇద్దరిదీ ఒకటే టిఫిన్ క్యారియర్. షాటు మధ్యలో తలమీది మూతలోంచి గుసగుసగా ఏదో ఒకటి అనేవాడు. "అన్నా, నీ వెనకాల రేకు ఊడింది, కేమెరా అటే తిరుగుతోంది" లాంటివి. విశ్వాన్ని జయించడానికి వచ్చిన పెద్ద నిర్మముడి భుజాలు గజగజ ఊగేవి. టేకు పోయేది. డైరెక్టర్ ప్రభాకర్ ఇద్దర్నీ కలిపి తిట్టేవాడు.

అలాంటి రోజుల్లో డాక్టర్ విశాలాక్షి వచ్చింది.

ఆమె నొప్పి మీద పనిచేసే ఒక చిన్న ప్రయోగశాల నడుపుతోంది. రోజూ ఒకే వేళకు, ఒకే పనివల్ల, ఒకే చోట నొప్పి పుట్టే మనుషులు ఆమెకు కావాలి. డబ్బాల్లో నిలబడే వాళ్ళకన్నా ఆ పనికి పనికొచ్చేవాళ్ళు ఎవరు? మేకప్ గదిలో బకెట్ నిండా ఐసు నీళ్ళు పెట్టి లింగమూర్తిని చెయ్యి ముంచమంది. నలభై సెకన్లకు బూతు మాట అని చెయ్యి లాగేశాడు. తర్వాత మెడ వెనక వేలెడంత పట్టీ ఒకటి అంటించింది. లోపలివైపు సన్నటి ముళ్ళు, చీమ కుట్టినంత కూడా తెలియవు. రెండు గంటలాగి మళ్ళీ ముంచమంది. ఈసారి ఐదు నిమిషాలైనా తీయలేదు. వేళ్ళు నీలంగా మారుతుంటే ఆమే చెయ్యి పట్టుకుని పైకి లాగింది.

"నొప్పి లేదా?" అని అడిగింది డాక్టర్.

"ఉంది."

"మరి తీయలేదేం?"

లింగమూర్తి నీలంగా మారిన వేళ్ళను చూసుకున్నాడు. "ఉంటే ఉండనీ అనిపించిందమ్మా," అన్నాడు.

అదీ ఆ పట్టీ పని. నొప్పిని చంపదు. నొప్పి వచ్చి కబురు చెబుతుంది, కానీ ఆ కబురు పట్టించుకునేవాడు లోపల పడుకుని ఉంటాడు. డాక్టర్ ఒకటే షరతు పెట్టింది. ఎనిమిది గంటలు, అంతే. సాయంత్రం కాగానే తీసెయ్యాలి. ఐదుగురు పట్టీ పెట్టించుకున్నారు. మస్తాన్ కూడా పెట్టించుకుని, "వదినా, ఇక మేం నిజం డబ్బాలమైపోయాం," అని సుగుణతో పరాచికాలాడాడు.

మొదటి రెండు వారాలు షరతు ప్రకారమే నడిచింది. ఆ తర్వాత ఎడిటింగ్ గది నుంచి ఫిర్యాదు వచ్చింది. పట్టీ పొద్దున పెడితే పట్టుకోవడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ పెద్ద నిర్మముడు కుంటుతున్నాడు, మధ్యాహ్నానికి రైలింజన్‌లా నడుస్తున్నాడు. ఒకే సీనులో సగం కుంటి నడక, సగం మంచి నడక. సుగుణ తెరమీద ఆ రెండు షాట్లూ పక్కపక్కన పెట్టించుకుని చూసింది. నోటు పుస్తకం తీసింది.

"ముందు వరసల నిలబడే ఇద్దరికి రాత్రి తియ్యకుంటే సరిపోతది సార్," అంది ప్రభాకర్‌తో. "లింగమూర్తి, మస్తాన్. మిగిలినోళ్ళు వెనకనే ఉంటరు, కనబడరు."

"అద్దీ!" అన్నాడు ప్రభాకర్. "సుగుణమ్మ ఉండగా నాకేం భయం."

ఆ రోజు ఆమె పొంగిపోయింది. పుస్తకంలో రాసుకుంది కూడా: డబ్బా ఒకటి, డబ్బా రెండు, పట్టీ తీయరాదు. డాక్టర్‌కి నెల తర్వాత తెలిసింది. తెలిసి మండిపడింది. కానీ ఆ నెల రోజుల్లో పట్టీ నుంచి వచ్చిన వివరాలు అంతకుముందెవరూ చూడనంత బాగా ఉన్నాయి. మరో వారం చూద్దామంది. వారం వారం అనుకుంటూ పద్నాలుగు నెలలు చూసింది.

ఇంట్లో ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పాలి. సుగుణ సంతోషించింది. చల్లారిన చాయ్ ఇచ్చినా తాగేవాడు. స్రవంతి ఒకే లెక్క ఆరుసార్లు తప్పు చేస్తే ఆరుసార్లూ మొదటినుంచి చెప్పేవాడు. పక్కింటివాళ్ళు, "మీ ఆయన ఏదైనా మాల వేసుకున్నాడా?" అని అడిగారు. పన్నెండేళ్ళ కాపురంలో మొదటిసారి సుగుణ తన మాటను గొంతు పెంచకుండా చెప్పింది. ఆ ప్రశాంతత ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. తెలిసినా, వస్తే వచ్చిందిలే అనుకుంది.

ఒక ఆదివారం ఆటో దిగుతుంటే స్రవంతి వేలు ఇనప కమ్మీ సందులో పడి నలిగింది. లింగమూర్తి వేలు బయటికి తీశాడు, ఇంట్లోకి తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టాడు, గుడ్డ కట్టాడు. అన్నీ సరిగ్గా చేశాడు. చేసి, కంచం పెట్టుకుని భోజనానికి కూర్చున్నాడు. పిల్ల ఏడుపు ఆపి అతని మొహంలోకే చూసింది. అంతకుముందు చీమ కుట్టినా "నాయినా!" అని పరుగెత్తే పిల్ల, ఆ తర్వాత దెబ్బ తగిలితే సుగుణ దగ్గరికే రావడం మొదలుపెట్టింది. సుగుణ దీన్ని చూసింది. పిల్ల పెద్దదవుతోంది కదా అని సర్దిచెప్పుకుంది.

మే నెలలో ఊరి బయట రాళ్ళ క్వారీలో షూటింగు పెట్టారు. నిర్మముల గ్రహం అదే. చుట్టూ తెల్లటి రాయి, పైన ఎండ, ఎక్కడా చెట్టన్నది లేదు. ఐదు డబ్బాలూ ఒక వరసలో నిలబడాలి, ముందు లింగమూర్తి, మస్తాన్. కేమెరా క్రేను మీద పైకి వెళ్ళి కిందికి రావాలి. క్రేను మొరాయించింది. "ఎవరూ కదలొద్దు, కంటిన్యుటీ!" అని ప్రభాకర్ అరిచాడు. వెనక ముగ్గురికీ ఆ పొద్దుటే పెట్టిన పట్టీలు ఇంకా పట్టుకోలేదు. వాళ్ళు పది నిమిషాలకే మూతలు తీసి నీళ్ళకోసం గోల చేశారు. ముందున్న ఇద్దరూ కదల్లేదు. గొడుగు కింద కూర్చున్న సుగుణ వాళ్ళను చూసి, శిల్పాల్లా నిలబడ్డారని మురిసిపోయింది.

క్రేను బాగై, షాటు తీసి, "కట్" అన్నాక లింగమూర్తి మూత తీశాడు. మామూలు గొంతుతో, "మస్తాన్‌కు మంచిగ లేదు. ఇరవై నిమిషాల సంది ఊగుతున్నడు," అన్నాడు. అనడం పూర్తవకముందే మస్తాన్ పడ్డాడు. రేకులు రాళ్ళ మీద పడిన చప్పుడు క్వారీ అంతా మోగింది.

నలభై నిమిషాలు పట్టే డబ్బాని సుగుణ కత్తెరతో కోసి నాలుగు నిమిషాల్లో విప్పింది. లోపల మస్తాన్ ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. వడదెబ్బ అని రాశారు. కాళ్ళు తడబడ్డప్పుడు అతనికి తెలిసే ఉంటుందని డాక్టర్ విశాలాక్షి తర్వాత ఏడుస్తూ చెప్పింది. తెలిసి, ఉంటే ఉండనీ అనుకుని ఉంటాడు.

మూడో రోజు సుగుణా లింగమూర్తీ మస్తాన్ ఇంటికి వెళ్ళారు. మూడో అంతస్తులో రెండు గదులు. మస్తాన్ భార్య జానీబేగం చాప మీద కూర్చుని ఉంది. లింగమూర్తిని చూడగానే, "ఎట్టా జరిగిందన్నా? మీరు పక్కనే ఉన్నారంటగా?" అని అడిగింది.

"ఉన్న," అన్నాడు లింగమూర్తి. "పదకొండు గంటలకు ఎడమకాలు తడబడ్డది. నాకు కనబడ్డది. కట్ చెప్పలేదని నిలబడ్డ. కట్ అన్నంక చెప్పిన."

పేపర్లో వార్త చదివినట్టు చెప్పాడు. జానీబేగం అతని మొహంలో ఏదో వెతికింది. దొరకలేదు. లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. పదో రోజున, నలభయ్యో రోజున, మధ్యలో ఇంకోసారి, యూనిట్ తరఫున వాళ్ళు వెళ్ళినప్పుడు కూడా ఆమె బయటికి రాలేదు, గుమ్మంలో ఆడబిడ్డే మాట్లాడి పంపించేసింది. ఆ నాలుగుసార్లూ సుగుణ ఒక మాట నోటిదాకా తెచ్చుకుంది. నాలుగుసార్లూ మింగేసింది.

మిగతా ముగ్గురి పట్టీలూ అదే రోజు తీసేశారు. లింగమూర్తిది అలా ఊడే పట్టీ కాదు. పద్నాలుగు నెలల్లో ఆ ముళ్ళ చుట్టూ నరాలు అల్లుకుపోయాయి. కోసి తీయాలి, వారం ఆస్పత్రిలో ఉంచాలి, ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. ఐదో భాగం ముగింపు ఒక్కటీ మిగిలి ఉంది, అదయ్యేదాకా ఆగమని ప్రభాకర్ బతిమాలాడు. సుగుణ సరేనంది. ప్రభాకర్ కోసం కాదు. పట్టీ తీస్తే లోపలినుంచి ఎవరొస్తారో, వచ్చి ఏమడుగుతారో అని ఆమెకు భయం.

ముగింపులో పెద్ద నిర్మముడు చచ్చిపోతాడు. లింగమూర్తి మూత పగిలి, నేలమీద పడి, కదలకుండా ఉండాలి. ఒక్క టేకులో అయిపోయింది. ఇక మిగిలింది నవ్వు షాటు.

సినిమావాళ్ళకూ సీరియల్ వాళ్ళకూ ఉన్న ఆనవాయితీ ఇది. చచ్చిపోయినట్టు నటించిన మనిషి, సీను కాగానే కేమెరా ముందు లేచి కూర్చుని నవ్వాలి. ఆ నవ్వు తీసి, గుమ్మడికాయ కొట్టి, అప్పుడు పేకప్ చెబుతారు. లేకపోతే ఆ చావు మనిషిని అంటుకుంటుందని భయం. ఆ షాటు ఎక్కడా వాడరు, కానీ తీయకుండా మాత్రం ఉండరు. రాకెట్ల మీద కథలు తీసే ఈ యూనిట్ కూడా ఒక్కసారి మానలేదు. పైగా ఇప్పుడు మస్తాన్ పోయాక అందరికీ గుండెల్లో అదురుంది.

"లేవండి మూర్తిగారూ, ఓ నవ్వు పారేయండి," అన్నాడు కేమెరామన్ సత్తిబాబు.

లింగమూర్తి లేచి కూర్చున్నాడు. పళ్ళు చూపించాడు. సత్తిబాబు కేమెరాలోంచి కన్ను తీసి, "అది నవ్వు కాదండీ బాబూ," అన్నాడు.

మళ్ళీ చూపించాడు. పెదాలు ఇంకొంచెం సాగదీశాడు. లైట్‌బాయ్‌లు జోకులేశారు. మేకప్ పెద్దాయన ఆడవేషం నడక నడిచి చూపించాడు. ప్రభాకర్ తన సొంత పెళ్ళి కథ చెప్పాడు, సెట్టంతా పగలబడి నవ్వింది. వాళ్ళ మధ్య లింగమూర్తి చక్కగా కూర్చుని, అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూస్తూ, వాళ్ళు చేసినట్టు బుగ్గలు కదిలించాడు. తొమ్మిదో టేకుకి నవ్వులాగిపోయాయి. ఒకరిద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారు.

లింగమూర్తి సుగుణ వైపు తిరిగాడు. "ఏం చెయ్యాలెనో చెప్పు సుగుణా, చేస్త," అన్నాడు. అందులో విసుగు లేదు, సిగ్గు లేదు. ఏడాదికి పైగా ఇంట్లో సుగుణకు హాయినిచ్చిన గొంతు అదే. ఈ మనిషిని తాను దూకమంటే దూకుతాడు, ఆగమంటే ఆగుతాడు, కట్ చెప్పేదాకా నిలబడతాడు.

చివరికి అతనికి మూత పెట్టి భుజాలు ఊపమన్నారు. పక్కనుంచి నలుగురు గట్టిగా నవ్వారు. అది తీసి గుమ్మడికాయ కొట్టేశారు. గబగబా సామాన్లు సర్దుకున్నారు.

మర్నాడే సుగుణ అతన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

"దాచకుండా చెబుతాను," అంది విశాలాక్షి. ఆమె కూడా ఈ రెండు నెలల్లో సగమైంది. "మోకాళ్ళలో గుజ్జు పూర్తిగా పోయింది. నొప్పిని పట్టించుకుని ఉంటే ఏడాది కిందటే డబ్బా మానేసేవాడు. ఇక డబ్బా వేసుకోలేడు, ఆ నొప్పి జీవితాంతం ఉంటుంది. అది ఒకటి. రెండోది మస్తాన్ సంగతి. జరిగిందంతా ఆయనకు గుర్తుంది, కానీ తగల్లేదు. పట్టీ తీస్తే తగులుతుంది. మెల్లిగా కాదు, ఒక్కసారే."

"ఉంచితే?"

"ఉంచితే ఇలాగే ఉంటాడు. వేళకు తింటాడు, నిద్రపోతాడు. కాలు విరిగినా మీరు చూసి చెబితేనే ఆయనకు పట్టింపు."

సుగుణ భర్త వైపు తిరిగింది. "నువ్వేమంటవ్? ఉంచాల్నా, తియ్యాల్నా?"

"నాకేం ఇబ్బంది లేదు. నీ ఇష్టం."

"నా ఇష్టం కాదయ్యా. నీ మెడ అది."

లింగమూర్తి ఆలోచించాడు, చిక్కులెక్క అడిగినట్టు. "ఉంటే నీకే నయం గదా," అన్నాడు. "ఇంట్ల లొల్లి ఉండది. పిల్లను తిట్ట. తీస్తే మల్ల ఎప్పటి లెక్కనే."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదే ఆమెను కోసింది. బాధపడని మనిషిని బాధ కావాలా అని అడిగితే ఏం చెబుతాడు? ఇక ఆ నిర్ణయం ఆమెదే. తన చేత్తో అతనికి రెండు మోకాళ్ళ నొప్పీ, ఒక స్నేహితుడి చావూ, ఆ చావు చూస్తూ నిలబడ్డానన్న ఎరుకా ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగేవాడు లేడు. మస్తాన్ కోసం ఏడవాల్సిన మనిషి ఈ భూమ్మీద జానీబేగం తర్వాత లింగమూర్తే. పదిహేనేళ్ళ దోస్తానీకి ఒక్క కన్నీటిచుక్క పడకుండా పోవడం సుగుణకు అన్యాయమనిపించింది. చనిపోయినవాడికీ, బతికున్నవాడికీ కూడా. ఆమె సంతకం పెట్టింది.

పట్టీ తీశాక రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు పొద్దున మంచం దిగబోయి, "అమ్మా!" అని కేకపెట్టి మళ్ళీ కూలబడ్డాడు. నర్సు చాయ్ తెచ్చిస్తే, "ఇది చాయా, కుడితినీళ్ళా?" అని రంకె వేశాడు. వరండాలో ఉన్న సుగుణ ఆ రంకె విని గోడకానుకుని ఏడ్చింది. స్రవంతి గదిలోకి పరుగెత్తి తండ్రి చెయ్యి పట్టుకుంది. అతను పిల్ల వేలు తిప్పి చూశాడు, నలిగిన గోరు వంకరగా మొలిచింది. "ఇది ఎప్పుడు తాకిందిరా బిడ్డా?" అని గోరు మీద పెదాలు ఆనించాడు. ఎప్పుడు తగిలిందో వెంటనే గుర్తొచ్చింది.

మస్తాన్ మధ్యాహ్నం వచ్చాడు. సుగుణ అన్నం కలిపి పెడుతోంది. లింగమూర్తి ఒక ముద్ద తిని, రెండో ముద్ద దగ్గర ఆగాడు.

"ఊగుతుండె," అన్నాడు. "ఎండల ఊగుతుండె సుగుణా. నేను చూస్తున్న. వాడు నా దిక్కు మూత తిప్పిండు. తిప్పి చూసిండు. నేను నిలబడ్డ."

సుగుణ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

"నిలబడ్డనే! ఒక్క అడుగేస్తే బతుకుతుండె. ఒక్కటి!" గొంతు పెరిగి ఆస్పత్రి అంతా వినిపించింది. కంచం ఎగిరి గోడకు తగిలింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు. డాక్టర్ విశాలాక్షి గుమ్మంలో నిలబడి లోపలికి రాలేకపోయింది. అరిచి, తల బాదుకుని, అలిసిపోయాక లింగమూర్తి భార్య మొహంలోకి చూశాడు.

"రాత్రి తియ్యొద్దన్నది నువ్వే గదనే. కంటిన్యుటీ అన్నవ్."

"అవు," అంది సుగుణ. "నేనే అన్న."

"మల్ల ఇప్పుడెందుకు తీయించినవ్?"

సుగుణ గోడమీది మెతుకులు తుడిచింది. అతనూ మళ్ళీ అడగలేదు.

వారం తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళాల్సిన ఆటోని లింగమూర్తి మస్తాన్ ఇంటికి పోనిమ్మన్నాడు. లిఫ్టు లేదు, మూడంతస్తుల మెట్లు. రెండు నెలల కిందట ఇవే మెట్లు గబగబా ఎక్కాడు. ఇప్పుడు ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి సుగుణ భుజం మీద. ప్రతి మెట్టుకీ పళ్ళు బిగించి గాలి పీల్చాడు. మొదటి అంతస్తులో కూర్చున్నాడు. రెండో అంతస్తులో కూర్చున్నాడు. "మల్ల తోలుకొస్త, ఇప్పుడు ఇంటికి పోదాం పా," అంది సుగుణ. అతను తల అడ్డంగా ఊపి మళ్ళీ కమ్మీ పట్టుకున్నాడు.

తలుపు జానీబేగమే తీసింది. వీళ్ళను చూసి మొహం బిగుసుకుంది. లింగమూర్తి ఏదో చెబుదామని నోరు తెరిచాడు. "వాడు నా దిక్కు చూసిండమ్మా..." అన్నాడు. ఇక నిలబడలేక గుమ్మం ముందు కూలబడి, ఆరడుగుల మనిషి, బిల్డింగ్ అంతా వినపడేలా ఏడ్చాడు. కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి.

జానీబేగం వంగి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడొచ్చారా అన్నా," అంది. "ఇన్నాళ్ళకి వచ్చారా?"

అని తనూ గడప మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ మస్తాన్ పేరు చెప్పుకుంటూ ఏడ్చారు. కాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, అతని చెయ్యి పట్టి లేపి లోపలికి తీసుకెళ్ళింది. వెనక్కి తిరిగి, "రా వదినా," అంది.

సుగుణ ఒక మెట్టు కిందే ఆగిపోయింది. ఆ పిలుపు వింటే ఆమెకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. నాలుగుసార్లు ఈ గుమ్మం దాకా వచ్చింది తను. నాలుగుసార్లూ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. లింగమూర్తికైతే అప్పుడు పట్టీ ఉండేది. తన మెడకు ఏ పట్టీ లేదు. ఈ పిలుపు పట్టుకుని లోపలికి వెళ్ళిపోతే, ఇచ్చిన చాయ్ తాగితే, ఇక ఎప్పటికీ చెప్పనక్కర్లేదు. భర్త ఎవరికీ చెప్పడు, అతని సంగతి ఆమెకు తెలుసు.

"జానీ, నేను లోపలికి రాకముందే ఒక మాట వినాలె," అంది. "డాక్టరమ్మ రోజూ సాయంత్రం తియ్యమన్నది ఆ పట్టీ. మస్తాన్‌కు తియ్యొద్దని చెప్పింది నేను. షాటు కలవాలని చెప్పిన. పుస్తకంల రాసుకున్న కూడా. విన్నంక రమ్మంటే వస్త, పొమ్మంటే పోత."

జానీబేగం చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. లోపల లింగమూర్తి ఏడుపు ఆగింది. ఆమె తలుపు మూయలేదు. పక్కకీ తప్పుకోలేదు. రెప్పవేయకుండా సుగుణను చూస్తూ, "మళ్ళీ చెప్పు," అంది.

సుగుణ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.